అన్ని శాఖలూ నాకే

సాటి గృహస్థులారా, ఈ మొర మీకే. అద్దె ఇళ్లవాళ్లకు ఇది పూర్తిగా అర్థం కాదు, ఇల్లాళ్లకు చెబితే నవ్వుతారు. పూర్వం ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు, వరండాలో ఒక వాలుకుర్చీ, అందులో ఇంటి పెద్ద. ఇప్పుడు ఇల్లంటే సాక్షాత్తూ ఒక రాష్ట్రం. విద్యుత్తు, నీటిపారుదల, పౌర సరఫరాలు, వైద్య ఆరోగ్యం, అగ్నిమాపకం, విపత్తు నిర్వహణ, ఆఖరికి దోమల నివారణ కూడా ఇంట్లోనే జరగాలి. 2020 మే నెలలో దేశమంతా ‘ఆత్మనిర్భర్’ కావాలని పిలుపు వచ్చినప్పుడు అది ఫ్యాక్టరీలకు చెప్పారనుకున్నాను. మా ఇంట్లోవాళ్లు నాకు చెప్పారనుకున్నారు. అప్పటినుంచీ ఈ శాఖలన్నిటికీ మంత్రిని నేనే. బుగ్గ కారు లేదు, బంట్రోతు లేడు, జీతం లేదు. రాజీనామా ఇద్దామంటే పుచ్చుకోవాల్సిన గవర్నరు వంటింట్లో పోపు పెడుతోంది.

మాది రాయ్‌పూర్. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా ఇక్కడిదాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట మా వైపు జనం వస్తూనే ఉన్నారు. కొందరు రైల్వేలోకి, కొందరు భిలాయి ఉక్కులోకి, కొందరు చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయారు. నవంబరు 1 మాకు జోడు పండగ. 1956లో ఆ రోజునే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2000లో ఆ రోజునే ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. రెండు ప్రభుత్వాలకు ఒకేనాడు జేజేలు కొట్టేవాడి చేత మూడో ప్రభుత్వాన్ని సొంత ఖర్చుతో నడిపించడం ఏ న్యాయశాస్త్రంలో ఉంది? ఇంట్లో అడిగాను. అప్పటికే సీరియల్ మొదలైపోయింది.

ముందు విద్యుత్ శాఖ సంగతి. కోర్బాలో బొగ్గు మండించి ఇరుగు పొరుగు రాష్ట్రాలకు వెలుగు పంచే గడ్డ మాది. అది గర్వకారణమే. కానీ వేసవి సాయంత్రం ఆంధీ, అదే దుమ్ముగాలి, లేస్తుంది, ఏ వేపకొమ్మో తీగల మీద వాలుతుంది, కరెంటు పోతుంది, ‘లైట్ గోల్!’ అని వీధి వీధంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. ఆ క్షణాన మా ఇంట్లో తలలన్నీ నావైపు తిరుగుతాయి. చీకట్లో కనబడకపోయినా తెలుస్తుంది. కోర్బా కార్మికులకు బొగ్గు అందించకుండా నేనే అడ్డుపడ్డానన్నట్టు ఒక మౌనం.

ఇన్వర్టర్ లేదా అంటారు. ఎందుకు లేదు? 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్. అంటే 1,800 వాట్ అవర్లు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, చిన్న ఎల్‌ఈడీ బల్బులు రెండు వేసుకుంటే లెక్క ప్రకారం పది గంటలు రావాలి. మార్పిడిలో కొంత పోతుంది, బ్యాటరీ ముసలిదైతే మరికొంత పోతుంది, పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి ఇంకొంత. ఈ పోవడాలన్నీ శాస్త్రసమ్మతం, నాకు అభ్యంతరం లేదు. కానీ చీకటి పడగానే చార్జింగ్‌కి ఎక్కిన ఫోన్లు, లాప్‌టాప్‌లు, హాల్లో ఎవరూ చూడని టీవీ, ‘ఒక్క నిమిషమేనండీ, పచ్చడి’ అంటూ తిరిగిన మిక్సీ ఏ శాస్త్రం కిందికి వస్తాయి? పైగా బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఖనిజాలున్న నీళ్లు పడితే లోపల పలకలు పాడవుతాయి అని గోడ మీద కాగితం అంటించాను. మా అబ్బాయి ఆర్‌ఓ నీళ్లు పోశాడు. ‘రెండూ తెల్లగానే ఉన్నాయిగా నాన్నా’ అన్నాడు. ఇంజినీరింగ్ చదివాడు.

ఎంసీబీ పడిపోయినప్పుడు జరిగే అఖిలపక్ష సమావేశం వర్ణనాతీతం. అసలు పద్ధతి చిన్నదే. స్విచ్చులన్నీ ఆపాలి, పడిన మీటను పైకి ఎత్తాలి, తర్వాత ఒక్కొక్కటే వేస్తూ రావాలి. ఏది వేయగానే మీట మళ్లీ పడిందో అదే ముద్దాయి. మా ఇంట్లో దీనికి ఓపిక లేదు. ముందు తీర్పు, తర్వాత విచారణ. మా ఆవిడ దృష్టిలో దోషి అబ్బాయి కంప్యూటరు, అబ్బాయి దృష్టిలో గ్రైండరు, ఇద్దరి దృష్టిలోనూ నా ఇస్త్రీపెట్టె. మా మామగారు ఊరినుంచి ఫోన్లోనే జోక్యం చేసుకుంటారు. వారి కాలంలో పింగాణీ ఫ్యూజు ఉండేది, అది మాటిమాటికీ పోతుంటే నాలుగు రాగి పోగులు మెలిపెట్టి బిగించేవారట, ఇక జన్మలో పోలేదట. పోవాల్సినప్పుడు పోవడమే ఫ్యూజు ఉద్యోగం, అది పోకపోతే దాని బదులు గోడలో తీగ కాలుతుంది అని చెప్పబోయాను. అల్లుడు ఎదురు చెప్పకూడదని గుర్తుచేశారు.

ఇక కూలరు. దీని గురించి ఒక శ్వేతపత్రమే విడుదల చెయ్యాలి. విశాఖ వాళ్లకు ఈ బాధ తెలియదు. అక్కడ గాలిలోనే తేమ, కూలరు పెట్టినా లాభం లేదు. రాయ్‌పూర్ మే నెలలో గాలి ఎండి పెళపెళలాడుతుంది, తడి మెత్తల గుండా లాగితే చల్లబడి వస్తుంది. అందుకే ఇక్కడ హోలీ వెళ్లగానే ఇంటింటి అటకల మీదనుంచి రేకు కూలర్లు దిగుతాయి. మనం రోహిణీ కార్తె అంటామే, దాని మొదటి తొమ్మిది రోజులను ఇక్కడ నౌతపా అంటారు. పేర్లు వేరైనా రోళ్లు పగలడంలో తేడా లేదు. ఆ తొమ్మిది రోజులూ ఇంటి యజమాని పరువు ప్రతిష్ఠలన్నీ అరచేతిలో పట్టేంత పంపు మీద ఆధారపడి ఉంటాయి.

ఆ పంపు చరిత్ర మీకు తెలిసిందే. నీళ్లలో మునిగి ఉండాలి, పొడిగా తిరిగితే కాలిపోతుంది. వెంట్రుకలు, గడ్డిపోచలు, సున్నపు పొర చుట్టుకుంటే ఆగిపోతుంది. చక్రం ఊడదీసి కడిగితే మళ్లీ తిరుగుతుంది. ఇందుకు మిస్త్రీ అక్కర్లేదు, కావలసింది తల్లో పిన్ను. ఈ రహస్యం నాకు పక్కింటి పెద్దావిడ, మేం దాయీ అంటాం, చెప్పింది. చెప్పలేదు, చేసి చూపించింది. నేను పానా, పట్టకారు, మూడు రకాల స్క్రూడ్రైవర్లు, కళ్లజోడు, ఫోన్లో వీడియోతో సహా సర్వసన్నద్ధంగా కూలరు ముందు కూర్చుని ఉండగా, ఆ డెబ్బయ్యేళ్ల ఇల్లాలు ముందు ప్లగ్గు పీకించి, కొప్పులోంచి పిన్ను తీసి, రెండు గుచ్చులు గుచ్చి, పిన్ను మళ్లీ కొప్పులో పెట్టుకుని వెళ్లిపోయింది. వీడియోలో ఇంకా ‘మిత్రులారా, ముందుగా మన చానెల్‌కి’ దగ్గరే ఉన్నాడు.

ప్లగ్గు పీకించిందన్నాను చూశారా, హాస్యాన్ని ఒక్క క్షణం పక్కన పెడతాను. రేకు కూలరు, కింద నీళ్ల తొట్టి, తడి చేతులు, వీటి మధ్య కరెంటు ఉండకూడదు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా తీసెయ్యాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఎర్తుది, అది అలంకారానికి పెట్టింది కాదు. రెండు పిన్నుల బోర్డులో దూర్చడానికి దాన్ని విరగ్గొట్టే మహానుభావులు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టిస్తే లీకేజీ రాగానే అది సరఫరా కట్ చేస్తుంది. పెట్టించాను. దాని ఖరీదు విన్న ఆవిడ ముఖంలో వచ్చిన షాకును మాత్రం అది ఆపలేకపోయింది.

వారానికోసారి ఆ తొట్టి ఖాళీ చేసి, రుద్ది, ఎండబెట్టాలి. లేకపోతే డెంగీ దోమ అందులోనే సంసారం పెడుతుంది. ఈ సమాచారం ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ నాకే చెబుతారు. చుట్టాలదింకో తంతు. కూలరు నడవాలంటే అవతల కిటికీ తెరిచి ఉండాలి, తడిగాలి బయటికి పోవాలి. విశాఖ నుంచి దిగిన మా బావగారు ఏసీ అలవాటున్న మనిషి. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో తువ్వాళ్లు కుక్కి, కూలరుకెదురుగా కూర్చున్నారు. కాసేపటికి గది ఇడ్లీ పాత్రలా తయారైంది. ‘మీ ఊరి కూలర్లు బాగోలేవోయ్’ అని తీర్పిచ్చారు. బావగారు కదా, ఇడ్లీలే వడ్డించాం.

నీటిపారుదలకు వద్దాం. ఎక్కడో ధమ్తరి దగ్గర మహానది మీద గంగ్రేల్ డ్యామ్. అక్కడి నీరు ఖారూన్ నది దాకా వచ్చి, శుద్ధయి, గొట్టాలెక్కి, నగరమంతా తిరిగి మా ఇంటికొస్తుంది. అంత మహాప్రస్థానం చేసిన జలం మా డాబా మీద ట్యాంకు అంచు దాటి, గోడ వెంట జారి, పక్కింటి తులసికోటను అభిషేకిస్తుంది. కారణం బాల్ వాల్వు. దాని బంతిలోకి నీరు చేరితే అది తేలదు. తేలకపోతే వాల్వు మూసుకోదు. బంతి విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటుంది, కొత్త బంతి బిగిస్తే సరి. ఇంత సులువైన పనికి నిచ్చెన కావాలి. నిచ్చెన పెళ్లివారు తీసుకెళ్లారు. ఏ పెళ్లివారో ఎవరికీ గుర్తులేదు.

కుళాయి చుక్కల సమస్య అంతర్జాతీయమైనది. సెకనుకో చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలని మా అబ్బాయి లెక్క కట్టాడు. మా ఇంట్లో లెక్కలు కట్టేవాళ్లే గానీ కుళాయి కట్టేవాడు లేడు. రబ్బరు వాషరు అరిగితే అది మార్చాలి. దానికి ముందు పైనుంచి వచ్చే గేట్ వాల్వు మూయాలి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు ఏ మంత్రికీ లొంగదు, అప్పుడప్పుడూ ఓసారి తిప్పుతుంటేనే అవసరానికి తిరుగుతుంది. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు బిగించే దిక్కుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగిస్తున్నకొద్దీ విడిపోతుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. రానిదల్లా ఆ అరంగుళం వాషరు దొరకడం.

మీ ఇంట్లోనూ ఒక పెట్టె ఉంటుంది. ఒకప్పుడు బిస్కెట్లున్న రేకు డబ్బా. అందులో తాళాలు పోయిన చెవులు, చెవులు పోయిన తాళాలు, వెలగని టెస్టర్లు, పడకమంచంతో వచ్చిన వంకర పానా, ఎప్పటిదో ఫ్యూజు తీగ, గట్టిపడి గులకరాయైన ఫెవిక్విక్, తుప్పు మేకులు, చొక్కా గుండీలు, ఒక పాత పదిపైసల బిళ్ల ఉంటాయి. నక్షత్రం మర ఎదురైతే చదును స్క్రూడ్రైవరు దొరుకుతుంది, చదును మర ఎదురైతే నక్షత్రం దొరుకుతుంది. ఇరవై రకాల వాషర్లుంటాయి, అరంగుళంది తప్ప. దాని కోసం గోల్ బజార్ వెళితే కొట్టువాడు జాలిగా చూసి ‘ఒక్కటేనా బాబూజీ?’ అంటాడు. డజను కొంటాం. ఇంటికొచ్చి ఆ డబ్బాలో వేస్తాం. ఇక ఆ డజను ఎవరికీ కనబడదు.

అప్పుడు మిస్త్రీకి ఫోను వెళుతుంది. ‘బస్ అంకుల్‌జీ, పాంచ్ మినట్’ అంటాడు. తెలుగు మిస్త్రీ అయినా, హిందీ మిస్త్రీ అయినా, ఛత్తీస్‌గఢీ మిస్త్రీ అయినా ఈ ఐదు నిమిషాల విషయంలో జాతీయ సమైక్యత అపారం. మర్నాడు వస్తాడు, చిటికెలో బిగిస్తాడు, డబ్బులు లెక్కపెట్టుకుంటాడు. అంతవరకూ భరించవచ్చు. గుమ్మం దాటుతూ, ఆవిడకు వినబడేలా, ‘ఇది మీరే చేసుకోవచ్చు కదా అంకుల్‌జీ’ అంటాడు. ఆ మాటకు విడిగా చార్జీ వేయడు.

పౌర సరఫరాల శాఖ ఆవిడది, కనుక సజావుగా నడుస్తోంది. బియ్యం డబ్బాలో వేపాకు, ఎండుమిరపకాయలు. గ్యాస్ సిలిండరు వచ్చిన వెంటనే దాని మెడ మీద రాసిన అక్షరం చూస్తుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు, పక్కన సంవత్సరం. ఆ గడువు దాటితే సిలిండరు పరీక్షకు పోవాలి, మన ఇంటికి రాకూడదు. రెగ్యులేటరు దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తుంది. మా పక్కవీధి ఆయనలా అగ్గిపుల్ల గీసి చూడదు. లీకైతే 1906కి ఫోను చెయ్యాలని కూడా ఆవిడకు నోటికి వచ్చు. నన్ను మాత్రం ఆ నెంబరు అడుగుతుంది, పరీక్షగా.

డాబా మీద వడియాలు కూడా ఆమె అధికార పరిధే. మా బూడిదగుమ్మడి వడియాలు, దాయీ వాళ్ల రఖియా బడీ పక్కపక్కనే ఎండుతాయి. రెండిట్లోనూ ఆ గుమ్మడికాయే, మినపపిండే. నా పని కాపలా. కాకుల నుంచైతే కాపాడగలను. గాలి ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల మీదుగా వీచిన రోజున డాబా మీద నల్లపొడి పడుతుంది, దానికి కర్ర చూపించి ఏం లాభం? తెల్లచీర పరిచి వడియాలు పెడితే సాయంత్రానికి చీరకు బూడిదరంగు అంచు వస్తుంది. అదేదో కొత్త ఫ్యాషన్ అనుకోమన్నాను. ఆ పూట వడియాలు నాకు వడ్డించలేదు.

ఫ్రిజ్ ఆగిన రోజున ఏం తినాలన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాలదీ ఒకే జవాబు. మనం చద్దన్నం అంటే వీళ్లు బోరే బాసీ అంటారు. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ శ్రమజీవుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని పిలుపిచ్చి తానూ తిన్నారు. ఆ ఫొటో పేపర్లో పడ్డది మొదలు మా ఇంట్లో చద్దన్నానికి రాజముద్ర పడింది. వడగాడ్పు రోజుల్లో కడుపుకి చలవ, ఖర్చులేదు, గ్యాస్ అక్కర్లేదు, ఇన్ని సుగుణాలున్న దాని మీద ఫిర్యాదు చేస్తే దేశద్రోహం కిందికి వస్తుందేమో. ఇన్ని శాఖలు మోస్తున్న నాకు మా ఊరి బుడాపారా చెరువు మధ్య ధ్యానంలో కూర్చున్న వివేకానందుడి విగ్రహాన్ని చూసినప్పుడల్లా అసూయ కలుగుతుంది. చుట్టూ నీళ్లు, పైన గాలి, కుళాయి లేదు.

వైద్య శాఖలో ఒక్క ఓఆర్‌ఎస్ సంగతి చాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తల కొట్టిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అర చెంచా ఉప్పు. పొట్లం చేతిలో లేనప్పుడు ఇదే ఆధారం. ఏది చిన్న చెంచా అన్న విషయమై మా ఇంట్లో వేసిన కమిటీ ఇంకా నివేదిక ఇవ్వలేదు.

అసలు అవమానం మాత్రం 2025 మే 7న జరిగింది. ఆ రోజు దేశంలో 244 జిల్లాల్లో పౌర రక్షణ మాక్ డ్రిల్ అన్నారు. సైరన్లు, దీపాలు ఆర్పడం, జనాన్ని తరలించడం. మా రాష్ట్రం వంతుకు దుర్గ్-భిలాయి పేరు వచ్చింది. రాజధాని వాసులమైన మాకు పిలుపు లేదు. దీపాలార్పడంలో ఇంత అనుభవమున్న కుటుంబాన్ని పక్కనపెట్టి భిలాయిని ఎంచుకోవడమా! భిలాయిలో ఉన్న మా తమ్ముడు ఫోను చేసి ‘మా దగ్గర సైరన్ మోగింది వదినా’ అని ఆవిడతో గొప్పలు పోయాడు. మా దగ్గర కుక్కరు మోగింది.

ఆ ఉక్రోషంలోనే విపత్తు పెట్టె ఒకటి తయారు చేయించాను. నిపుణులు చెప్పినవన్నీ పెట్టాను. టార్చి, విడిగా బ్యాటరీలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దెబ్బలకు పట్టీ, ఆధార్ కాగితాల నకళ్లు ప్లాస్టిక్ సంచిలో, కొంత చిల్లర, బిస్కెట్లు, వేయించిన శనగలు, 112 మొదలు ముఖ్యమైన నెంబర్లు రాసిన చీటీ, మీద పడ్డ గోడ కిందనుంచి కూడా వినబడేలా ఒక ఈల. అటక మీద కాకుండా చేతికందే చోట ఉంచాలన్నారు. ఉంచాను. చేతికందే చోట ఉంచడంలోని ప్రమాదం నిపుణులకు తెలియదు.

మొదట బ్యాటరీలు టీవీ రిమోట్‌లోకి వలస వెళ్లాయి. కొవ్వొత్తులు మనవడి పుట్టినరోజుకి, అగ్గిపెట్టె దేవుడి గూటికి. చిల్లర పాలవాడికి, మళ్లీ పెట్టేస్తామన్న హామీతో. బిస్కెట్లు ఎవరు తిన్నారో విచారణ జరగలేదు, శనగలు వానపడ్డ ఒక సాయంత్రం పకోడీల ముందు ఆకలికి పోయాయి. దెబ్బల పట్టీ కారిపోతున్న పైపుకి చుట్టారు. నెంబర్ల చీటీ వెనక ఎవరో చాకలి పద్దు రాసుకున్నారు. పెట్టె మూతలో ఆవిడ అప్పడాలు దాచింది. ప్రభుత్వ నిధుల దారిమళ్లింపు అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మీకెక్కడా దొరకదు.

మొన్న మళ్లీ ఆంధీ వచ్చింది. లైట్ గోల్. ఇన్వర్టర్ బీప్ బీప్‌మని నాలుగుసార్లు మూలిగి పడుకుంది. నా ఫోనులో చార్జి లేదు. వీధి గది తలుపు గాలికి పడి గడియ బిగుసుకుపోయింది, లోపల నేను, నా పక్కన విపత్తు పెట్టె. తడిమితే టార్చి తగిలింది, వెలగదు. ఇంకా తడిమితే ఈల. మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని చాలా దేశాల్లో సంకేతమట. ఊదాను, గుండెల నిండా గాలి పీల్చి, మూడుసార్లు, మధ్యలో విరామమిస్తూ. వంటింట్లోంచి ఆవిడ గొంతు వినబడింది. ‘ఒరేయ్, మూడో విజిల్ వచ్చింది, స్టవ్ కట్టెయ్!’

ఆ పూట పప్పు ఉడకలేదు.